బయటి నీళ్లు బయటే: పాత బొగ్గు గని, బురద నీళ్లు, మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బురద గురించే. 2024 సెప్టెంబర్ బుడమేరు వరద తర్వాత బెజవాడ వాళ్లకి బురద గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదనుకోండి, అయినా అడిగారు కాబట్టి చెబుతాను. మొదటి ఉత్తరం పెద్దది, జవాబు ఇంకా పెద్దది. మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: నమస్తే సార్. మాది గొల్లపూడి. రెండు ప్రొక్లెయిన్లు, ఒక డోజరు, ఆరు టిప్పర్లు ఉన్నాయి. ఇన్నాళ్లూ లేఅవుట్లు, రోడ్ల మట్టి పనులే చేశాం. ఇప్పుడు కొత్తగూడెం వైపు ఎప్పుడో వదిలేసిన ఒక ఓపెన్‌కాస్ట్ గని దగ్గర మట్టిగుట్ట సర్ది మొక్కలు పెట్టే పని సబ్ కాంట్రాక్టుకి దొరికింది. మా వాటా సుమారు 25 ఎకరాలు. వాన నీళ్లతో మట్టి బయటికి పోకుండా చూడాలని అగ్రిమెంటులో ఒక్క లైను ఉంది, ఎలాగో రాయలేదు. కింద వాగు, వాగు దాటితే పత్తి చేలు. పక్క వాటాలో పోయినేడు వేరేవాళ్లు చేస్తే మొదటి వానకే గుట్ట చారలు చారలుగా కోసుకుపోయి చేలల్లో మట్టి మేట వేసిందట, రైతులు వచ్చి మెషీన్లు ఆపేశారట. కింద పెద్ద చెరువు తవ్వేస్తే అన్నీ అందులో పడతాయని మా సూపర్‌వైజరు అంటున్నాడు. అంతేనా సార్? ఇంకోటి, ఎండాకాలంలో కూడా గుట్ట అడుగున ఒకచోట తడిగా ఉంటోంది. అదొక టెన్షన్. (గొల్లపూడి, విజయవాడ)

జవాబు: చెరువు కావాలి తమ్ముడూ, కాదనను. కానీ అది ఆఖరి కాపలా. దాన్నే మొదటి కాపలాగా పెట్టుకున్నవాళ్లకి రెండో వానకి చెరువు పూడిపోతుంది, మూడో వానకి కట్టకి గండి పడుతుంది, ఆ తర్వాత సూపర్‌వైజరు ఫోన్ ఎత్తడు.

ముందు లెక్క చూడండి. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం, మన వైపు వానాకాలంలో అదేమీ వింత కాదు. 25 ఎకరాలంటే 10 హెక్టార్లు. దాని మీద పడిన నీళ్లు 50 లక్షల లీటర్లు. గడ్డిపోచ లేని మట్టి మీద అందులో 60 శాతం ఇంకకుండా పారిందన్నా 30 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 600. క్యూసెక్కుల్లో చెప్పాలంటే 30కి దగ్గర. ఒక చిన్న పంట కాలువ గంటసేపు మీ గుట్ట మీంచి దూకుతుందన్నమాట. ఇది మీ 25 ఎకరాల వాన మాత్రమే. గుట్టకి ఎగువన ఉన్న మెట్ట నుంచి, అడవి నుంచి దిగే నీళ్లు దీనికి అదనం, ఎంత అదనమో ఎగువన ఎన్ని ఎకరాలున్నాయో కొలిస్తే తప్ప తెలీదు, చాలామంది అది కొలవకుండానే డోజరు దింపుతారు.

కాబట్టి మొట్టమొదటి పని, బయటి నీళ్లు బయటే ఉండాలి. ఒక్క బకెట్ మట్టి కదపకముందే ఎగువ వైపు కాలువ తీసి, అటు నుంచి వచ్చే శుభ్రమైన నీళ్లని గుట్ట తాకనివ్వకుండా చుట్టూ తిప్పి వాగులో కలపాలి. గుట్ట మెడలో దండలా ఉంటుందని గనుల వాళ్లు దీన్ని గార్లాండ్ డ్రెయిన్ అంటారు. వచ్చే వరదకి ఒకటిన్నర రెట్లు పట్టేలా తవ్వాలని గనులకిచ్చే పర్యావరణ అనుమతుల్లో తరచూ షరతు ఉంటుంది, అది అతి జాగ్రత్త కాదు. కాలువ వాలు ఎక్కువైతే కాలువే కోసుకుపోతుంది, అలాంటి చోట రాయి పరవండి. మధ్యమధ్య రాళ్లతో చిన్న అడ్డుకట్టలు వేస్తే నీటి దూకుడు తగ్గుతుంది. అడ్డుకట్ట మధ్యలో పల్లంగా, అంచుల్లో ఎత్తుగా ఉండాలి. తిరగేసి కట్టారా, నీళ్లు పక్కనుంచి ఒడ్డుని తవ్వుకుని పోతాయి. దిగువ అడ్డుకట్ట తల, ఎగువ దాని పాదం ఒకే మట్టంలో ఉండేలా దూరం పెట్టుకోండి.

ఇక గుట్ట. బొగ్గు కోసం పైనున్న మట్టీ రాయీ తవ్వి పోసిందే ఇది, ఓవర్‌బర్డెన్, పొట్టిగా ఓబీ అంటారు. టిప్పరు ఎలా పోస్తే అలా నిలబడి ఉంటుంది, 37 డిగ్రీల దాకా వాలు. దాన్ని 28 డిగ్రీలు దాటకుండా పడుకోబెట్టి మెట్లు మెట్లుగా చేస్తారు. ఇందులో అసలు కిటుకు వాలు ఎంతన్నది ఒక్కటే కాదు, నీళ్లు ఆగకుండా ఎంత దూరం పరిగెత్తుతాయన్నది. వాన చినుకు మట్టిని చిందిస్తుంది, పలచగా పారే నీరు దాన్ని జరుపుతుంది, కొంత దూరం పోయాక ఆ నీరే చిన్న చిన్న చాళ్లుగా కూడబలుక్కుంటుంది, చాళ్లు కలిసి గండ్లవుతాయి. పక్క వాటాలో చారలు చారలుగా కోసుకుపోయిందన్నారే, అదే ఇది. మెట్టు దగ్గర నీళ్లు ఆగి, లోపలి వైపు వాలి, మెట్టు వెంట నెమ్మదిగా నడిచి, రాయి కట్టిన ఒక దారి గుండా మాత్రమే కిందికి దిగాలి. మెట్టు బయటికి వాలిందంటే అది జారుడుబల్లే.

డోజరు ఆపరేటర్‌కి ఒక్క మాట చెప్పండి, దీనికి పైసా ఖర్చు లేదు. వాలు మీద ఆఖరి సారి తిప్పేటప్పుడు కింద నుంచి పైకి, పై నుంచి కిందికి నడపమనండి, అడ్డంగా కాదు. వాలు వెంట నడిస్తే చైను పళ్ల గుర్తులు అడ్డంగా పడతాయి, ప్రతి గుర్తూ ఒక బుల్లి గట్టు, విత్తనం కూడా అందులో ఆగుతుంది. అడ్డంగా నడిపితే గుర్తులు నిలువుగా పడి, నీళ్లకి మనమే బోదెలు తీసిచ్చినట్టవుతుంది. నేను చూసిన ఒక సైటులో ఆపరేటరు చక్కగా నున్నగా, అద్దంలా చేసిచ్చాడు, ఇంజనీరు మెచ్చుకున్నాడు కూడా, వారం తిరక్కుండానే ఆ అద్దం నిండా పగుళ్లే. మొక్కలు పెట్టే మట్టిని మరీ అణగదొక్కకండి. అమెరికాలో 1977లో గనుల పునరుద్ధరణ చట్టం వచ్చాక గుట్టలు జారిపోతాయన్న భయంతో మట్టిని గట్టిగా తొక్కించేవారు, దాంతో చాలాచోట్ల చెట్లు ఎదగలేదు, తర్వాత అప్పలాచియా కొండల్లో పై 4 అడుగులైనా వదులుగా వదలమని చెప్పడం మొదలుపెట్టారు. వదులు మట్టి నీళ్లు కూడా తాగుతుంది.

25 ఎకరాలూ ఒకేసారి విప్పకండి, ఇది చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నా. ఏళ్ల తరబడి వదిలేసిన గుట్ట మీద తుమ్మా, గడ్డీ, పిచ్చి కంపా దానంతటదే మొలిచి ఉంటుంది, అది ఉచితంగా దొరికిన కవచం. ఒక ముక్క విప్పండి, సర్దండి, కప్పండి, తర్వాతి ముక్కకి వెళ్లండి. దసరా దాటాక మొదలుపెట్టి రోహిణి కార్తెకల్లా భారీ మట్టి పని ముగించేస్తే, మృగశిర చినుకులకి విత్తనం వేయొచ్చు. జనుము, పిల్లిపెసర తొందరగా లేచి నేలని కప్పుతాయి, వాటితోపాటు స్టైలో గడ్డి కలపండి, చెట్లకి కానుగ, వేప. విత్తనం మీద వరిగడ్డి ఎకరాకి రెండు టన్నుల లెక్కన పరిచి డిస్కుతో మట్టిలోకి నొక్కించండి, లేకపోతే గాలికి మీ గడ్డి పత్తి చేలల్లో తేలుతుంది. వాలు ఎక్కువున్న చోట కొబ్బరిపీచు వల, కోనసీమలో తయారయ్యేదే. వల కింద ఖాళీ లేకుండా మట్టికి అంటుకుని ఉండాలి.

ఇప్పుడు చెరువు. అమెరికాలో నిర్మాణ స్థలాలకి ఎకరాకి 3,600 ఘనపుటడుగులు అని ఒక కొలత ఉంది. మీ 25 ఎకరాలకి 90,000, అంటే సుమారు 25 లక్షల లీటర్లు. ఇందాకటి వాన నీళ్లు 30 లక్షలు కదా, కాస్త పెద్దదే తవ్వుకోండి. వెడల్పుకి కనీసం రెండింతలు పొడవుండాలి, నీళ్లు ఒక కొసలో దిగి రెండో కొసలో పోవాలి. ఇన్‌లెట్ పక్కనే అవుట్‌లెట్ పెట్టిన చెరువులు నేను లెక్కలేనన్ని చూశాను, నీళ్లు అలా వచ్చి ఇలా పోతాయి, మిగతా చెరువంతా అలంకారం. నీళ్లు పైపొర నుంచే బయటికి పోవాలి, అడుగు తూము పెట్టారా, బురదే ముందు పోతుంది. పెద్ద వరదకి రాయి కట్టిన అలుగు వేరే ఉండాలి. మట్టికట్టలో పైపు పెడితే దాని చుట్టూ పొరలు పొరలుగా గట్టిగా దిమ్మిస చేయించండి. ఒకప్పుడు ఒక పెద్ద సంస్థ సైటులో నేనే ఆ పని చూస్తూ, సాయంత్రమైపోయిందని పైపు కింద మట్టి సరిగా కూరకుండానే ఒప్పేసుకున్నాను, ఆ పైపు వెంటే నీళ్లు దారి చేసుకుని తెల్లారేసరికి కట్ట లేదు. పూడిక కోసం వదిలిన జాగా సగం నిండగానే తీయించాలి, ఆ ఖర్చు ఇప్పుడే మీ రేటులో వేసుకోండి.

బొగ్గు తవ్వగా మిగిలిన పాత గుంత దగ్గర్లో ఉంటే, బురద నీళ్లు అందులోకే వదిలేస్తే పోలేదా అనిపిస్తుంది. నిజంగానే మంచి చెరువు అది. కానీ కింద గానీ పక్కన గానీ పాత భూగర్భ గని సొరంగాలు ఉన్నాయేమో మ్యాపులు చూసి, గనుల భద్రత డైరెక్టరేట్ నిబంధనలు తెలిసిన మేనేజరుతో రాయించుకున్నాకే. పాత సొరంగాల్లో నిలిచిన నీళ్లు ఎంత పని చేస్తాయో 2003 జూన్‌లో గోదావరిఖనిలో చూశాం, 17 మంది పోయారు.

ఇక మీ టెన్షన్ సంగతి. ఎండాకాలంలోనూ తడి అంటే అది వాన నీరు కాదు, ఊట. ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసింది ఆ ఒక్క వాక్యానికే. 1966 అక్టోబర్ 21న వేల్స్ దేశంలో అబెర్‌ఫాన్ అనే ఊళ్లో బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడి 144 మంది చనిపోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ గుట్ట పోసింది ఊట మీద. మన మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న కొండ చరియ ఇళ్ల మీద పడింది కూడా నీళ్లు నానిన కొండే. కాబట్టి ఆ తడి ఉన్నచోట పాదం దగ్గర తవ్వకండి, పైన కొత్త మట్టి పోయకండి. ఊట నీళ్లు బయటికి వచ్చే దారిని రాళ్లూ ఫిల్టర్ గుడ్డా వేసి తెరిచి ఉంచాలి తప్ప మట్టి కొట్టి మూయకూడదు. గుట్ట స్థిరత్వం లెక్కలు తెలిసిన జియోటెక్నికల్ ఇంజనీరు వచ్చి చూసేదాకా ఆ భాగం వదిలేయండి. అది మీ పరిధిలో లేదని కాంట్రాక్టరుకి కాగితం మీద రాసివ్వండి, నోటి మాట కాదు.

ప్రశ్న: మాస్టారూ, మాది సింగ్‌నగర్. బుడమేరు వరదప్పుడు ఇంట్లో నిలిచిన నీళ్లు ఒక సీసాలో పట్టి ఉంచాను, పిల్లలకి చూపిద్దామని. ఇసుక వెంటనే దిగింది, కానీ పైన నీళ్లు రోజుల తరబడి టీ రంగులోనే ఉండిపోయాయి. ఎందుకు? (సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: ఇంట్లో మూడడుగుల నీళ్లున్నప్పుడు సీసా పట్టాలన్న ఆలోచన వచ్చినందుకు ముందు మీకు నమస్కారం. మీ సీసాలో జరిగిందే గొల్లపూడి తమ్ముడి చెరువులోనూ జరుగుతుంది.

రేణువు సైజు పదో వంతుకి తగ్గితే, అది దిగే వేగం వందో వంతుకి పడిపోతుంది. మిల్లీమీటరులో పదో వంతున్న సన్న ఇసుక, మీటరు లోతు నీళ్లలో రెండు నిమిషాల్లో అడుగుకి చేరుతుంది. అందులో పదో వంతున్న ఒండ్రు రేణువుకి మూడు గంటలు. ఇంకా పదో వంతు సన్నగా ఉండే బంకమట్టికి దాదాపు రెండు వారాలు, అదీ నీళ్లు కదలకుండా ఉంటే! ఆ రేణువుల మీద ఒకే రకం విద్యుదావేశం ఉండి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి కూడా, గుంపు కట్టవు. మన అమ్మమ్మలు కృష్ణ కొత్తనీరు వచ్చినప్పుడు బిందెలో పటిక తిప్పేవారు, ఇంకా పాతకాలంలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. వాటి పని ఈ తగాదా తీర్చి రేణువుల్ని ముద్దకట్టించడమే. గని చెరువుల్లోనూ బంకమట్టి ఎక్కువైతే పటికో, అదే పని చేసే పాలిమర్ అనే రసాయనమో వాడాల్సి వస్తుంది. ఎంత వేయాలో గ్లాసుల్లో వేర్వేరు మోతాదులు కలిపి చూశాకే తేల్చుకోవాలి. ధనావేశం ఉన్న పాలిమర్లు చేపల మొప్పలకి విషం, కాబట్టి అవి వాగులోకి పోయేచోట వద్దు. బంకమట్టిని చెరువులో పట్టుకోవడం ఇంత కష్టం గనకే అది గుట్ట మీంచి కదలకముందే ఆపమని పైన అంత గొంతు చించుకున్నాను.

ప్రశ్న: సర్, సివిల్ ఫైనలియర్ స్టూడెంట్‌ని. బొగ్గు గని నుంచి వదిలే నీళ్లలో మట్టి ఎంత దాకా ఉండొచ్చు? ల్యాబ్ లేకుండా సైటులో కొలిచే దారుందా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మన దేశంలో బొగ్గు గనులకి 2000లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం తేలియాడే ఘనపదార్థాలు లీటరుకి 100 మిల్లీగ్రాములు మించకూడదు, పీహెచ్ (నీళ్లలో ఆమ్లగుణం చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. సాగు నేల మీదికి వదిలితే 200 దాకా ఒప్పుకుంటారు. 100 అంటే ఎంతనుకుంటున్నావు? 20 లీటర్ల బకెట్లో 2 గ్రాములు, అరచెంచా కూడా కాదు. అమెరికాలో రోజు గరిష్ఠం 70, నెల సగటు 35, కానీ గట్టి వాన పడ్డప్పుడు ఆ లెక్క పక్కనపెట్టి లీటరులో అడుగుకి దిగే మట్టి 0.5 మిల్లీలీటరు మించకూడదన్న షరతుకి మారతారు. ఆ కొలతకి ల్యాబ్ అక్కర్లేదు, ఇమ్‌హాఫ్ కోన్ అని కింద కొస తేలిన గాజు గరాటా ఉంటుంది, లీటరు నీళ్లు పోసి గంట ఆగి గీత చూడటమే. అయితే అది దిగే మట్టినే చెబుతుంది, సింగ్‌నగర్ సీసాలో దిగనిదాన్ని చెప్పదు. ప్రాజెక్టు రిపోర్టులో ఈ తేడా రాయి, వైవాలో అడుగుతారు. నీళ్లు వాన వెలిశాక కాదు, పడుతుండగా పట్టు. వెలిశాక పట్టిన శాంపిల్ ఎప్పుడూ బాగానే వస్తుంది, రిపోర్టుల్లో అన్నీ అవే ఉంటాయనుకో.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది చేబ్రోలు దగ్గర. ఊరి పక్కన గ్రావెల్ తవ్వి వదిలేసిన గుంతలున్నాయి. వానొస్తే ఎర్రనీళ్లు మా వీధిలోకి వచ్చి డ్రెయినేజీ పూడిపోతోంది. గుంత అంచు ఏటేటా మా వైపు జరుగుతోంది. బొగ్గు గని కాదుగానీ, అడగొచ్చా? (చేబ్రోలు, గుంటూరు జిల్లా)

జవాబు: అడగొచ్చమ్మా, మట్టికి బొగ్గూ గ్రావెలూ తేడా తెలీదు. ఇక్కడా సూత్రం అదే. అంచు మీ వైపు జరగడానికి కారణం పైనుంచి నీళ్లు అంచు మీదుగా గుంతలోకి దూకడం. దూకిన ప్రతిసారీ పాదం తొలుస్తుంది, పైన పెళ్ల విరిగి పడుతుంది. అంచుకి వెనకగా నాలుగైదు మీటర్లు వదిలి రెండడుగుల గట్టు వేసి, నీళ్లని ఒకేచోటికి నడిపి, అక్కడ రాళ్లు పరిచి దించితే కోత చాలావరకు ఆగుతుంది. గట్టు మీద కిత్తనార మొక్కలు దగ్గరదగ్గరగా నాటిస్తే పిల్లలూ గేదెలూ అటు పోకుండా కంచె కూడా అయింది. ఇది పంచాయతీ ఒక జేసీబీతో రెండు రోజుల్లో చేసే పని.

మీ వీధిలోకి వచ్చే ఎర్రనీళ్లు మాత్రం గుంతలోవి కాకపోవచ్చు, గుంతలో పడ్డవి గుంతలోనే ఉంటాయి. పక్కన పోసి వదిలేసిన మట్టి కుప్పలవో, టిప్పర్ల బాటవో అయ్యుంటాయి, వానలో గొడుగు వేసుకుని ఒకసారి నీళ్ల వెంట ఎదురు నడిచి చూడండి, ఫోటోలు తీయండి. ఆ ఫోటోలతో సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి, గనుల శాఖ పేరు మీదా ఒక కాపీ ఇవ్వండి. ఒక్కరు కాదు, వీధి వీధంతా సంతకాలు చేయండి. చెత్త పోసి గుంత పూడ్చేస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దు, ఆ చెత్తలో ఊరిన నీళ్లే రేపు మీ బోర్లలోకి దిగుతాయి.

ప్రశ్న: మా పుట్టిల్లు ఇల్లెందు. చిన్నప్పుడు పాత గని నీళ్లు కొన్నిచోట్ల తుప్పు రంగులో ఉండేవి. అది మట్టేనా? (పటమట, విజయవాడ)

జవాబు: తుప్పు రంగు నిజంగా తుప్పే అయ్యుండొచ్చు. బొగ్గులో, దాని చుట్టూ ఉన్న రాయిలో పైరైట్ అనే ఇనుము గంధకం ఖనిజం ఉంటుంది. గాలీ నీరూ తగిలితే అది ఆమ్లాన్ని, కరిగిన ఇనుమును వదులుతుంది, ఆ ఇనుమే బయట గాలికి తుప్పుగా పేరుకుంటుంది. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి మేఘాలయలోలాగా నదులే ఆమ్లమయ్యేంత ఉండదు. అయినా రంగు కనబడితే పీహెచ్ కాగితం ముంచి చూడాలి. తక్కువొస్తే సున్నంతో సరిచేస్తారు, మన పిడుగురాళ్లలో కాల్చేదే. సున్నపురాయి ముక్కలు కాలువలో పోసి వదిలేస్తే మాత్రం కొన్నాళ్లకి వాటి మీద తుప్పు పొరకట్టి పని చేయడం మానేస్తాయి.

ప్రశ్న: సార్, మళ్లీ గొల్లపూడి నుంచే. మర్చిపోయాను, సిల్ట్ ఫెన్స్ (బురద నీళ్లు వడకట్టడానికి కర్రలకి కట్టే గుడ్డ కంచె) గుడ్డ రేటు ఎక్కువుంది, ఖాళీ యూరియా సంచులు విప్పి కుట్టి కట్టేయొచ్చా?

జవాబు: కుదరదు. సిల్ట్ ఫెన్స్ గుడ్డ నీళ్లని నెమ్మదిగా వడకడుతుంది, యూరియా సంచి నీళ్లని ఆపేస్తుంది, వెనక బరువు పెరిగి కర్రలతో సహా పడిపోతుంది. అసలు గుడ్డ కట్టినా అడుగు అంచుని అరడుగు లోతు చాలులో పాతాలి, వంద అడుగుల గుడ్డకి పావు ఎకరం నీళ్లు మించకూడదు, కాలువకి అడ్డంగా ఎప్పుడూ కట్టకూడదు. సంచులు పారేయకండి, మట్టి నింపి మూతి కుట్టి, కాలువలో ఒక సీజనుకి అడ్డుకట్టలుగా పనికొస్తాయి. ఎండకి చీకిపోతాయి కాబట్టి వచ్చే ఏడాదికల్లా వాటి చోట రాళ్లు వేయించండి.